క్రాస్ ఫంక్షనల్ టీం అన్నారు, అయినా పనంతా టెస్టింగ్ దగ్గరే ఆగిపోతోంది. ఏం చేయాలి?

డెవలపర్లు, టెస్టర్, డిజైనర్ అందర్నీ ఒకే స్క్రమ్ టీంలో (పనిని చిన్న విడతలుగా చేసే టీం) వేసినా స్ప్రింట్ (ఒక విడత) ఆఖర్లో స్టోరీలన్నీ (ఆ విడతలో చేయాల్సిన చిన్న చిన్న పనులు) టెస్టింగ్‌లో పేరుకుపోతున్నాయని మీరు రాశారు. నేను పనిచేసిన ఒక టీంలో అచ్చం ఇదే జరిగింది.

ఐదుగురు డెవలపర్లం, ఒక్కరే టెస్టర్, రెండు వారాల స్ప్రింట్. మూడో రోజుకి నా కోడ్ అయిపోయేది. స్టోరీని పనుల బోర్డు మీద టెస్టింగ్ కాలమ్‌లోకి జరిపేసి ఇంకోటి తీసుకునేవాణ్ణి. మిగతా నలుగురూ అంతే. తొమ్మిదో రోజుకి మా టెస్టర్ ముందు ఏడు స్టోరీలు! ఆవిడ బగ్ పట్టుకొచ్చేసరికి ఆ కోడ్ అలా ఎందుకు రాశానో నాకే గుర్తుండేది కాదు.

మార్పు ఒక్క నియమంతో మొదలైంది: టెస్టింగ్ కాలమ్‌లో రెండు స్టోరీలకు మించి ఉండకూడదు. అది నిండితే కొత్త పని ముట్టుకోకుండా, ఉన్నవాటిని దాటించడానికి వెళ్లాలి. మొదట్లో అందరికీ చిరాకే. కానీ ఆవిడ పక్కన కూర్చుని టెస్టులు రాస్తుంటే, మా కోడ్ ఎక్కడ తేలిపోతోందో కళ్లారా చూశాం.

ఆ తర్వాత కోడ్ మొదలుపెట్టకముందే ఆవిడతో, డిజైనర్‌తో కూర్చోవడం అలవాటైంది. ఒకసారి పేమెంట్ స్టోరీ గురించి మాట్లాడుతుంటే ఆవిడ, "బటన్ నొక్కాక నెట్ పోతే కస్టమర్ మళ్లీ నొక్కుతారు కదా, డబ్బు రెండుసార్లు కట్ అవుతుందా?" అని అడిగారు. మాకెవరికీ తట్టలేదు! ప్రతి చెల్లింపుకీ ఒక ఐడీ పెట్టి, అదే ఐడీ మళ్లీ వస్తే సర్వర్ పాత జవాబే ఇచ్చేలా అప్పుడే రాసేశాం. ఆ చెల్లింపు పూర్తయ్యేదాకా బటన్ పనిచేయకుండా డిజైనర్ స్క్రీన్ మార్చారు. ఇదే విషయం తొమ్మిదో రోజున బయటపడి ఉంటే ఆ స్టోరీ తర్వాతి స్ప్రింట్‌కి పోయేదే.

అందరికీ అన్నీ రావాలేమోనని భయపడకండి. స్క్రమ్ నియమాలు చెప్పే 2020 స్క్రమ్ గైడ్ అడిగేది కావలసిన నైపుణ్యాలు టీం మొత్తం మీద ఉండాలనే. మామూలుగా పది మందో అంతకంటే తక్కువో సరిపోతారనీ అంటుంది. నేనైతే ఇంకోటి కలుపుతాను: ఏ పనైనా కనీసం ఇద్దరికి వచ్చి ఉండాలి, లేకపోతే ఒకరు సెలవు పెట్టిన రోజు అంతా ఆగిపోతుంది.

అప్రైజల్ సంగతి మాత్రం మీ మేనేజర్‌తో గట్టిగా మాట్లాడండి. డెవలపర్‌ని పూర్తిచేసిన స్టోరీలతో, టెస్టర్‌ని పట్టిన బగ్‌లతో లెక్కకడుతున్నంత కాలం పక్కవాళ్ల పనిలో చేయి వేయడానికి ఎవరూ రారు. మా టీంలో అన్నిటికంటే ఆలస్యంగా మారింది ఇదే.

రేపే మొదలుపెట్టాలంటే, గత రెండు స్ప్రింట్లలో ఒక్కో స్టోరీ ఏ కాలమ్‌లో ఎన్ని రోజులు ఊరికే కూర్చుందో లెక్కేసి, ఆ కాగితం స్ప్రింట్ ఎలా సాగిందో మాట్లాడుకునే సమావేశమైన రెట్రోస్పెక్టివ్‌లో అందరి ముందూ పెట్టండి.