బోర్డు లేని చోట రాంగ్ పార్కింగ్ చలానా: కట్టాలా, కాదనొచ్చా?

ప్రశ్న: దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక మెడికల్ షాపు ముందు బైకు ఆపి, నాన్నగారికి మందులు కొనుక్కుని పది నిమిషాల్లో వచ్చేశాను. నాలుగు రోజులకు ఫోన్‌కి రాంగ్ పార్కింగ్ చలానా వచ్చింది. అక్కడ నో పార్కింగ్ బోర్డు ఎక్కడా లేదు. కట్టేయాలా, కాదనొచ్చా?
– ఓ పాఠకుడు, హైదరాబాద్

జవాబు: కాదనొచ్చు. కానీ తేల్చుకునేదాకా డబ్బు కట్టకండి. చలానా కోర్టు తీర్పు కాదు, మీ మీద పోలీసులు మోపిన ఆరోపణ. అందులో ఉన్న మొత్తం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 200 కింద కట్టే రాజీ రుసుము. కట్టారంటే రాజీ పడ్డట్టే, కేసు అక్కడితో ముగుస్తుంది. మెసేజ్ చూడగానే టెన్షన్ పడి ఫోన్‌లోనే కట్టేసి, తర్వాత రసీదు పట్టుకుని వచ్చేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. అప్పటికి చేయడానికి పెద్దగా ఏమీ మిగలదు.

ఇక బోర్డు సంగతి. బోర్డు లేదంటే ఆపుకోవచ్చని కాదు. 2017 నాటి మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనలు బోర్డుతో పని లేకుండానే కొన్ని చోట్ల బండి ఆపొద్దంటాయి. ఫుట్‌పాత్, జీబ్రా క్రాసింగ్, బస్టాపు దగ్గర, బడి లేదా ఆసుపత్రి గేటు ముందు, ఆగి ఉన్న బండి పక్కన రెండో వరుసలో ఆపకూడదు. చాలామందికి తెలియనిది మరొకటుంది: కూడలి అంచు నుంచి 50 మీటర్ల లోపు కూడా ఆపకూడదు. మెడికల్ షాపులేమో ఎక్కువగా సందు మొగలోనే ఉంటాయి. అందుకే మళ్లీ ఆ షాపు దగ్గరికెళ్లి, కూడలి అంచు నుంచి బండి ఆపిన చోటు దాకా నడిచి చూడండి. మామూలు నడకలో సుమారు 70 అంగలు వేస్తే 50 మీటర్లవుతుంది. పది నిమిషాలే ఆపానన్న మాట మాత్రం పనికిరాదు.

తర్వాత ఈ-చలాన్ సైట్‌లో బండి నంబరు కొట్టి, ఫొటోను పెద్దది చేసి చూడండి. నంబరు ప్లేటు తప్ప చుట్టుపక్కల ఏమీ కనిపించకపోతే, ఆ ఫొటో బండి మీదేనని చెబుతుంది గానీ అది ఎక్కడ, దేనికి అడ్డంగా ఉందో చెప్పదు. మీ వాదనకు బలం అక్కడే ఉంది. అదే చోట నిలబడి షాపు, రోడ్డు వెడల్పు, కూడలి కనపడేలా మీరూ ఫొటోలు తీసుకోండి. మందుల బిల్లు పారేయకండి, దాని మీద తేదీ ఉంటుంది.

వీటన్నిటినీ జతచేసి ట్రాఫిక్ పోలీసులకు అర్జీ రాయండి. చలానా నంబరు, తేదీ, సమయం రాసి, ‘దీన్ని రద్దు చేయండి, లేదా కోర్టుకు పంపండి’ అని స్పష్టంగా అడగండి. ఒక కాపీ మీద అందినట్టు స్టాంపు వేయించుకోవడం మరవద్దు. కోర్టుకు వెళ్తే తప్పు జరిగిందని రుజువు చేయాల్సింది పోలీసులే. ఫొటో ఎలక్ట్రానిక్ రికార్డు కాబట్టి భారతీయ సాక్ష్య అధినియమ్ (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 కింద దాన్ని ధ్రువీకరించే సర్టిఫికెట్ ఉందా అని మీ తరఫున అడగొచ్చు.

అర్జీకి పెద్ద ఖర్చు ఉండదు కాబట్టి అది తప్పక పెట్టమంటాను. కోర్టు దాకా వెళ్లడమంటే ఒక రోజు పని పోతుంది, అది మీ ఇష్టం. ఊరికే వదిలేయడం మాత్రం వద్దు. పెండింగ్ చలానాలు పేరుకుపోయి, ఏదో ఒక రోజు చెకింగ్‌లో బండి ఆపినప్పుడు అన్నీ ఒకేసారి మీద పడతాయి.

అంగల లెక్క 50 మీటర్ల లోపే తేలితే, కట్టేయండి.