మెటలర్జీ చదువు ఇంటి దగ్గర అక్కరకొస్తుందా? ఒక గొడ్డలి ముచ్చట

మెటీరియల్స్ సైన్స్‌లో పీహెచ్‌డీ చేసేవాళ్లకు ఆ చదువు నిత్యజీవితంలో ఎప్పుడైనా పనికొచ్చిందా అని అడిగారు. నా మటుకు ఒక పాత స్పీకర్‌లోని అయస్కాంతం పనికొచ్చింది. మిగతాదంతా మా ఊరి కమ్మరి కాకకు నాకంటే బాగా తెలుసు.

మాది పరకాల దిక్కు. పోయిన ఎండాకాలం బాపు కొత్త గొడ్డలి కొనుక్కొచ్చాడు. తుమ్మ మొద్దు మీద నాలుగు దెబ్బలు పడ్డాయో లేదో అంచు మడత పడింది. అంచు విరిగితే ఉక్కు మరీ పెళుసని, మడత పడితే మరీ మెత్తనని లెక్క. "నువ్వు ఇనుము మీదనే గదరా చదువుతున్నవ్, జెర చూడు" అన్నాడు బాపు.

మా లాబ్‌లో గట్టిదనం కొలిచే మెషిన్ ఉంది. ఉందంటే, గుడ్డ కప్పి ఉంది. దాని డైమండ్ మొన పాడైంది. కొత్తది కొనాలంటే మూడు కొటేషన్లు కావాలి. మూడోది ఇచ్చేవాడు దొరికేసరికి మొదటిదాని గడువు అయిపోతుంది. పోనీ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కోసం ఇంకో ఊళ్లో స్లాట్ తీసుకుంటే, మన వంతు వచ్చిన రోజే అక్కడ ఏసీ పనిచేయదు. నన్నడిగితే మన దగ్గర పీహెచ్‌డీలు ఆలస్యమయ్యేది పరిశోధన కష్టమై కాదు, ఫైలు కదలక.

సరే, గొడ్డలి పట్టుకుని కొలిమికి పోయాను. కాక దాన్ని గ్రైండర్ చక్రానికి ఆనించాడు. రవ్వలు పొడుగ్గా సాగి ఆరిపోయాయి.

"పువ్వులు పూస్తున్నయా?"

"లేదు కాకా."

"ఇంకేంది మరి! గిది గొళ్లేలకు పనికొస్తది, గొడ్డలికి గాదు."

పక్కనే పడున్న లారీ కమాన్ పట్టీ ముక్కను అదే చక్రానికి పెట్టి చూపించాడు. ఈసారి రవ్వలు చిట్లి గుత్తులు గుత్తులుగా విచ్చుకున్నాయి. ఉక్కులో కార్బన్ ఎక్కువుంటే అలా చిట్లుతుంది. మా పుస్తకంలో ఇది అర పేజీ. పరీక్షలో వస్తే రెండు మార్కులు, రాకపోతే ఎవరికీ గుర్తుండదు.

ఆ పట్టీతోనే కొత్త గొడ్డలి కొట్టిచ్చాడు. ఎర్రగా కాల్చి పాత ఇంజన్ ఆయిల్‌లో ముంచాడు. అలా ముంచితే ఉక్కు గట్టిపడుతుంది గానీ పెళుసవుతుంది. ఆ పెళుసు తగ్గాలని అంచును రాయి మీద రుద్ది తెల్లగా చేసి, ఈసారి సన్నటి సెగ మీద పెట్టాడు. తెల్లటి ఉక్కు మీద రంగులు నడవడం మొదలైంది. ముందు గడ్డి పసుపు, వెనకాలే గోధుమరంగు, ఆ వెనక ఊదా, నీలం. గోధుమరంగు అంచుకు చేరిందో లేదో నీళ్లలో చుయ్‌మనిపించాడు. పసుపు అంటే సుమారు 230 డిగ్రీల సెల్సియస్, నీలం అంటే 300 దగ్గర. కాక దగ్గర థర్మామీటర్ లేదు. ఉక్కు మీద పలచటి ఆక్సైడ్ పొర మందమయ్యే కొద్దీ రంగు మారుతుందని, సబ్బు బుడగ మీద రంగుల్లాంటివే ఇవీ అని నేను వివరించబోయాను. "రంగొచ్చినంక ముంచాలె, అంతే గద" అన్నాడు.

ఇక అయస్కాంతం సంగతి. కాల్చిన ఎరుపు ఎంతవరకు రావాలో కాక కంటితోనే చెప్పేస్తాడు, అందుకే కొలిమి నీడలో ఉంటుంది. ఆయన కొడుక్కి ఆ కన్ను ఇంకా కుదరలేదు. ఇనుము 770 డిగ్రీలు దాటితే అయస్కాంతానికి అంటుకోదు. "అంటుకోవడం మానేశాక ఇంకాస్త కాల్చి అప్పుడు ముంచు" అని చెప్పి, స్పీకర్ అయస్కాంతాన్ని తీగకు కట్టి ఇచ్చాను. "నాకెందుకు బిడ్డా గిది" అని కాక నవ్వాడు గానీ, పిలగాడు మాత్రం జేబులో వేసుకున్నాడు. ఇన్నేళ్ల చదువుకు ఊళ్లో అదొక్కటే ఫాయిదా.

నాకు మండేది ఇంకోటి ఉంది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కు కోసం ఒకప్పుడు పర్షియా నుంచి వర్తకులు వచ్చేవారు. ఉక్కు కరిగించే మూసల మట్టిలో వరి ఊక కలిపేవారు. ఊక కాలితే మిగిలేది ఎక్కువగా సిలికా, మూస అంత వేడికి తట్టుకునేది అందుకే. లండన్‌లో శాస్త్రవేత్త మైకేల్ ఫారడే 1820 ప్రాంతంలో మన దేశపు ఉక్కు మీద ప్రయోగాలు చేశాడు, ఆయన తండ్రీ కమ్మరే. 2006లో జర్మనీలోని డ్రెస్డెన్ పరిశోధకులు మన ఉక్కులాంటి దానితోనే చేసిన డమాస్కస్ కత్తిలో కార్బన్ నానోట్యూబులు, అంటే కంటికి ఆనని సన్నటి కార్బన్ గొట్టాలు, కనిపించాయనగానే మన వాట్సాప్ గ్రూపులు ఊగిపోయాయి. ఆ కత్తుల మీది చారలకు కారణం ఉక్కులో ఇసుమంత కలిసిన వనేడియంలాంటి లోహాలని అమెరికా శాస్త్రవేత్త జాన్ వెర్‌హోవెన్ అంతకుముందే చూపించాడు. నా దృష్టిలో అసలు కథ అదే, దాన్ని ఎవరూ ఫార్వర్డ్ చేయరు. మా డిపార్ట్‌మెంట్ పిల్లలను ఇండస్ట్రియల్ టూర్ అని వైజాగ్ తీసుకెళ్తారు, సగం టూరు అరకులో ఫొటోలకే పోతుంది. కోనసముద్రం పోదామంటే "అక్కడ ఏముంది సార్" అంటారు.

మీరు గనక ఇటు చేరాలనుకుంటే, ఇంటర్వ్యూ రోజే లాబ్‌లోకి వెళ్లి ఏయే మెషిన్లు నడుస్తున్నాయో చూసుకోండి. ఫెలోషిప్ ఎంతని తర్వాత అడగొచ్చు, అది ఎలాగూ లేటుగానే వస్తుంది.