స్పీడ్ టెస్ట్ బాగానే ఉంది, క్లాసు మాత్రం తెగిపోతోంది: ఫిర్యాదు నిలుస్తుందా?

ప్రశ్న: నేను ఆన్‌లైన్‌లో పాఠాలు చెబుతాను. రోజూ రాత్రి ఎనిమిది దాటితే వీడియో తెగిపోతోంది. నెట్ కంపెనీని అడిగితే, “స్పీడ్ టెస్ట్‌లో 100 ఎంబీపీఎస్ వస్తోంది కదా, రద్దీ ఎక్స్ఛేంజ్ దగ్గర, మాకు సంబంధం లేదు” అంటున్నారు. కేసు వేయొచ్చా?

జవాబు: వేయొచ్చు. వాళ్ల జవాబులో సగమే నిజం ఉంది. ఎక్స్ఛేంజ్ అంటే వేర్వేరు నెట్‌వర్క్‌లు కలుసుకునే చోటు. అక్కడ ప్రతి సభ్య నెట్‌వర్కూ ఫలానా సామర్థ్యమని పోర్టు, అంటే తన ట్రాఫిక్ వచ్చిపోయే ద్వారం, తీసుకుంటుంది. ట్రాఫిక్ దాన్ని మించితే ప్యాకెట్లు, అంటే డేటా ముక్కలు, క్యూ కడతాయి, క్యూ కూడా నిండితే పడిపోతాయి. చాలాసార్లు నిండేది ఎక్స్ఛేంజ్ కాదు, ఎవరో ఒక సభ్యుడి పోర్టు. అది మీ కంపెనీదే అయితే పెంచుకోవాల్సింది వాళ్లే. స్పీడ్ టెస్ట్ సర్వర్ తరచు కంపెనీ నెట్‌వర్క్ లోపలే ఉంటుంది కాబట్టి ఆ పరీక్ష ఈ గుమ్మం దాకా రానే రాదు.

2017లో న్యూయార్క్ రాష్ట్ర అటార్నీ జనరల్ చార్టర్ అనే అమెరికా ఇంటర్నెట్ కంపెనీ మీద వేసిన దావాలో ఇదీ ఒక ఆరోపణ: ఇతర నెట్‌వర్క్‌లతో కలిసే పోర్టులు నిండిపోతున్నా పట్టించుకోకుండా, వీడియోలు, గేములు ఆగకుండా వస్తాయని ప్రకటించారని. 2018 డిసెంబరులో 17.42 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. రాజీ తీర్పు కాదు, మీ కోర్టు దానికి కట్టుబడదు. కానీ దారి చూపిస్తుంది: వేగం అంకె మీద కాదు, ఇచ్చిన మాట మీద కొట్లాడండి. ఆ ప్రకటన స్క్రీన్‌షాట్ ఇప్పుడే దాచుకోండి. ఒప్పందంలో “మా నెట్‌వర్క్ వరకే హామీ” అని ఉందేమో చూడండి. ఉంటే కేసు కొంత బలహీనపడుతుంది.

ఇక సాక్ష్యం. చాలామంది ఓడిపోయేది ఇక్కడే. రెండు వారాలపాటు ఉదయం, రాత్రి ఒకే వేళల్లో ట్రేస్‌రూట్ (డేటా ఏయే రూటర్ల మీదుగా వెళ్తోందో, ఒక్కోచోటికి ఎంత ఆలస్యమో చూపే పరీక్ష) తీసి, తేదీతో భద్రపరచండి. మధ్యలో ఒక్క రూటర్ దగ్గరే ఆలస్యం పెరిగి తర్వాత మామూలైతే అది పనికిరాదు. రూటర్లు ఇలాంటి పరీక్షలకు తీరిగ్గా జవాబిస్తాయి, అవతలి లాయరు దాన్ని నిమిషంలో కొట్టిపారేస్తారు. ఒకచోట పెరిగిన ఆలస్యం చివరిదాకా నిలబడాలి, అదీ రాత్రిపూటే కనిపించాలి. రద్దీ ఆ దారిలో ఉందని చెప్పడానికి అది గట్టి ఆధారం.

పోర్టు ఎవరిదన్నది మాత్రం మీ కంప్యూటరు చెప్పలేదు. అందుకే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, ఆ పోర్టు వాడకం గ్రాఫులు అడగండి. ఇవ్వకపోతే, వాటిని తెప్పించమని కోర్టులో వేసే ఫిర్యాదుతోపాటే అర్జీ పెట్టండి.