ఊపిరి, దాహం, విషం... అన్నీ చర్మంలోనే

ప్రశ్న: కప్పకు ఊపిరితిత్తులు ఉన్నాయి కదా, మళ్లీ చర్మంతో ఊపిరి పీల్చడం ఎందుకు? అదనపు సౌకర్యమా?
- ఒక కాలేజీ విద్యార్థిని

జవాబు: పాఠ్యపుస్తకాలు ఈ సంగతిని ఒక్క వాక్యంలో తేల్చేస్తాయి, అందుకే ఈ అనుమానం. అదనం కాదమ్మా, అది లేకపోతే కప్పకు రోజు గడవదు. మనలా డయాఫ్రమ్ (ఊపిరితిత్తుల కింద ఉండే కండరాల పొర) లేదు కాబట్టి గొంతు దించి గాలిని నోట్లోకి లాక్కుని, మళ్లీ గొంతు ఎత్తి ఊపిరితిత్తుల్లోకి నెట్టాలి. ఆక్సిజన్ కొంత అలా వస్తుంది. కార్బన్ డై ఆక్సైడ్ మాత్రం ఎక్కువ భాగం చర్మం గుండానే పోతుంది. చలికాలమంతా నీటి అడుగున గడిపే కప్పలకైతే ఆక్సిజన్ కూడా చర్మం నుంచే.

ప్లెథొడాంటిడే అనే కుటుంబంలోని సాలమాండర్లు (బల్లిలా తోకతో ఉండే, కప్పల చుట్టాలు) ఇంకో అడుగు ముందుకు వేసి ఊపిరితిత్తులనే వదిలేసుకున్నాయి. అయినా చితికిపోలేదు సుమా! నాలుగు వందలకు పైగా జాతులతో సాలమాండర్లలో అదే అతి పెద్ద కుటుంబం.

నీళ్లూ అంతే. కప్ప నోటితో తాగదు, పొట్ట అడుగు చర్మంతో పీల్చుకుంటుంది. చిక్కల్లా ఏమిటంటే, తలుపు ఇలా బార్లా తెరిచి పెట్టుకుంటే చుట్టాలే కాదు, దొంగలూ వస్తారు. పురుగుమందులు లోపలికి పోతాయి. కైట్రిడ్ అనే శిలీంధ్రం చర్మం మీదే కాపురం పెడుతుంది. 1999లో శాస్త్రవేత్తలు దానికి పేరు పెట్టేనాటికే ఎన్నో కప్పలు తుడిచిపెట్టుకుపోయాయి. ఇప్పటి లెక్కల్లో ఆ జబ్బువల్ల 90 జాతులు అంతరించాయని అంచనా. అవి ఊపిరాడక చస్తాయని మొదట్లో చాలామంది అనుకున్నారు. ఆస్ట్రేలియాలో చెట్టుకప్పల మీద చేసి 2009లో ప్రచురించిన పరిశోధన వేరే సంగతి చెప్పింది: చర్మం దెబ్బతిని రక్తంలో సోడియం, పొటాషియం పడిపోతాయి, గుండె ఆగిపోతుంది. రక్తంలో లవణాల సమతూకం చూసే మూత్రపిండాల పనిలో కప్ప చర్మం కూడా పాలు పంచుకుంటుందని నేను క్లాసులో చెప్పడానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం దొరకలేదు.

ప్రశ్న: మా బాబు కప్పను చేత్తో పట్టుకున్నాడు. పులిపిర్లు వస్తాయంటున్నారు. ఒకటే టెన్షన్!
- ఒక తల్లి

జవాబు: రావు. పులిపిర్లు తెచ్చేది మనుషుల్లో ఉండే వైరస్. అయితే గరుకు చర్మం ఉన్న టోడ్ రకం కప్పకి కళ్ల వెనక ఉబ్బెత్తుగా విషగ్రంథులుంటాయి. ఆ చేత్తో కళ్లు నులుముకుంటే మంట. సబ్బుతో కడిగించండి. చేతికి దోమల క్రీమ్ రాసి ఉంటే మాత్రం టెన్షన్ పడాల్సింది కప్ప.

ప్రశ్న: తోటలో తవ్వుతుంటే ఉంగరాలు ఉంగరాలుగా, నున్నగా ఉన్న ప్రాణి బయటపడింది. నోట్లో పళ్లున్నాయి. పామా, వానపామా?
- ఒక తోటమాలి

జవాబు: పళ్లున్నాయంటే వానపాము కాదు. నున్నగా, పైకి పొలుసులు లేకుండా ఉంటే పామూ కాదు. కన్నుకూ ముక్కుకూ మధ్య చిన్న స్పర్శక (తడిమి చూసే మీసం లాంటిది) కనిపించిందా? అయితే అది సిసీలియన్. కప్పలకు, సాలమాండర్లకు కాళ్లులేని చుట్టం. సుమారు రెండు వందల జాతులున్నాయి. ఎక్కువ భాగం మట్టిలోనే బతుకుతాయి కనుక ఎవరికీ కనబడవు. కెన్యాలోని ఒక జాతి తల్లి, పిల్లల కోసం తన చర్మం పై పొరను కొవ్వుతో మందంగా పెంచుకుంటుంది. పిల్లలు ప్రత్యేకమైన పళ్లతో దాన్ని గీరుకుని తింటాయి. చర్మం మళ్లీ పెరుగుతుంది, మళ్లీ తింటాయి. ఇది 2006లో బయటపడింది.

ఇంతకీ మీరు పామనుకుని దాన్ని కొట్టలేదు కదా?