లెక్క సరే, సీసా మీద ఏం రాసుంది?

ప్రశ్న: 250 మి.లీ. 0.1 మోలార్ (లీటరుకు 0.1 మోల్) సోడియం కార్బొనేట్ ద్రావణానికి 2.65 గ్రాములు కావాలని లెక్కకట్టాను. వాషింగ్ సోడా పలుకులు అంతే తూచి కలిపాను. టైట్రేషన్‌లో (గాఢత తేల్చే పరీక్షలో) గాఢత 0.037 మోలార్ అని తేలింది. తప్పెక్కడ?

జవాబు: సూత్రం తప్పలేదు, సరుకు మారింది. మొలారిటీని లీటర్లతో గుణిస్తే మోల్‌లు: 0.1 × 0.25 = 0.025. వాటిని మోలార్ ద్రవ్యరాశితో, అంటే ఒక మోల్ బరువుతో, గుణిస్తే గ్రాములు. మీరు లెక్కలో వేసిన మోలార్ ద్రవ్యరాశి 106 నీరు లేని తెల్లపొడిది. పలుకుల్లో ఒక్కో సోడియం కార్బొనేట్‌కు పది నీటి అణువులు అంటుకుని ఉంటాయి. ఆ నీటి 180 (10 × 18) కూడా కలిపితే 286. కాబట్టి తూచాల్సింది 0.025 × 286 = 7.15 గ్రాములు. మీ 2.65 గ్రాముల పలుకుల్లో అసలు కార్బొనేట్ గ్రాము కూడా లేదు, మిగతాదంతా నీళ్లే!

పలుకుల మీద తెల్లటి పొడి పట్టి ఉంటే 286 కూడా పనికిరాదు. గాలికి కొంత నీరు పోయింది, ఎంత పోయిందో చెప్పలేం. అప్పుడు నీరు లేని పొడి తీసుకోవడమే మేలు.

ఇంకొకటి, 250 మి.లీ. నీళ్లు కొలిచి అందులో పొడి వేయకండి. బీకరులో 100 మి.లీ. స్వేదన జలంతో కరిగించి, గరాటుతో 250 మి.లీ. గీత ఉన్న ఫ్లాస్కులో పోయండి. బీకరును రెండు మూడుసార్లు కొద్ది నీళ్లతో తొలిచి అవీ పోశాక, గీత దాకా నింపండి. గీత దాటితే పైపైన తీసేసి లాభం లేదు, నీళ్లతోపాటు పదార్థమూ పోతుంది. మళ్లీ మొదలుపెట్టాల్సిందే.

ప్రశ్న: 25 గ్రాముల సున్నపురాయిని పూర్తిగా కాలిస్తే వచ్చే కార్బన్ డయాక్సైడ్‌కు ఒక పుస్తకంలో 5.6 లీటర్లు, ఇంకో దాంట్లో 5.7 లీటర్లు అని ఉంది. ఏది రాయాలి?

జవాబు: రెండూ సరైనవే. సున్నపురాయి అంటే కాల్షియం కార్బొనేట్. దాని 100 గ్రాములకు ఒక మోల్ వాయువు, కాబట్టి 25 గ్రాములకు 0.25 మోల్. సున్న డిగ్రీల సెల్సియస్, 1 అట్మాస్ఫియర్ పీడనం వద్ద మోల్‌కు 22.4 లీటర్లు, అదే ఉష్ణోగ్రత, 1 బార్ పీడనం అయితే 22.7. రసాయనశాస్త్ర ప్రమాణాలు నిర్ణయించే అంతర్జాతీయ సంస్థ ఐయుపిఎసి 1982లో ప్రమాణ పీడనాన్ని 1 బార్‌కు మార్చింది, పాత అంకె పుస్తకాల్లో అలాగే ఉండిపోయింది. ప్రశ్నలో ఏ పీడనం ఇచ్చారో చూసి వేయండి. ఏమీ ఇవ్వకపోతే మీ పాఠ్యపుస్తకం అంకె వాడి, పక్కన ఆ పీడనం రాయండి. రాయి 80 శాతమే శుద్ధం అన్నారా, ముందు 25ను 20 చేసుకోండి. ఆ మాట చదవకుండా దాటేసేవాళ్లే ఎక్కువ.