ఇంగ్లండ్‌లో పక్కింటి ఫెన్స్‌కి రీపర్లు బిగించాలంటే

సందేహం: ఈమధ్యే ఇంగ్లండ్‌లో ఇల్లు కొనుక్కున్నాం. పెరట్లో మాకూ పక్కింటికీ మధ్య సిమెంటు స్తంభాల ఫెన్స్ ఉంది. ఆ స్తంభాలకి చెక్క రీపర్లు బిగించి, వైరు లాగి బీరపాదు పాకిద్దామని ఉంది. డ్రిల్ చేయొచ్చా? పక్కవాళ్లని అడగాలా?

జవాబు: అడగాలా వద్దా అన్నది ముందు తేల్చుకోండి, డ్రిల్లు సంగతి తర్వాత. స్తంభం మీది కాకపోతే దానికి రీపరు కాదు కదా, మేకు కూడా కొట్టకూడదు. మీకు కనిపించే వైపు రంగు వేయాలన్నా వాళ్లు ఒప్పుకోవాలి. ఇటు ముఖం మనది, అటు ముఖం వాళ్లది అన్న పద్ధతి ఇక్కడ లేదు. ఫెన్స్ మొత్తం ఒకరిదే కావచ్చు.

"ఇంటికి ఎడమవైపు ఫెన్స్ ఎప్పుడూ మనదే" అని మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. అలాంటి రూలు లేదు. ల్యాండ్ రిజిస్ట్రీ (ఇళ్లు, స్థలాలు ఎవరివో నమోదు చేసే ప్రభుత్వ సంస్థ) వెబ్‌సైట్‌లో మీ ఇంటి టైటిల్ రిజిస్టరు, ప్లాను తీసుకోండి. 2024 డిసెంబరు నుంచి ఒక్కోదానికి 7 పౌండ్లు. సరిహద్దు గీత మీద ఇంగ్లిష్ టీ అక్షరం లాంటి గుర్తు మీ స్థలం వైపు ఉంటే ఆ ఫెన్స్ బాధ్యత మామూలుగా మీదే. రెండు టీలు కలిసి హెచ్‌లా కనిపిస్తే ఇద్దరిదీ. చాలా ప్లాన్లలో ఏ గుర్తూ ఉండదు. అప్పుడు పాత ట్రాన్స్‌ఫర్ డీడ్, ఇల్లు అమ్మినవాళ్లు నింపిన టీఏ6 ఫారం చూడండి. ఏ సరిహద్దు ఎవరు చూసుకునేవారో అందులో రాసి ఉండొచ్చు. ప్లాను మీద ఎర్ర గీతని స్కేలుతో కొలిచి వాదనకి మాత్రం దిగకండి. అది సరిహద్దు సుమారుగా ఎక్కడుందో చూపిస్తుందంతే, అంగుళాల లెక్క తేల్చదు.

ఆ టీఏ6 ఫారంలోనే పక్కింటివాళ్లతో తగాదాలేమైనా ఉన్నాయా అన్న ప్రశ్న కూడా ఉంటుంది. రేపు ఇల్లు అమ్మేటప్పుడు దానికి మీరు నిజం రాయాలి. అందుకే నాలుగు రీపర్ల కోసం మాట పడే పరిస్థితి తెచ్చుకోవద్దని ఇంతగా చెప్తున్నాను. ఫెన్స్ మీదైనా సరే, పని మొదలుపెట్టే ముందు ఒకమాట వాళ్ల చెవిన వేయండి. వాళ్లదైతే, ఇద్దరిదైతే, ఎన్ని రీపర్లు, ఎంత ఎత్తున, దేనితో బిగిస్తారో చెప్పి, ఒప్పుకున్నాక అదే మెసేజ్‌గా పెట్టి "సరే" అన్న జవాబు దాచుకోండి. ఆ ఇల్లు చేతులు మారితే కొత్తవాళ్లని మళ్లీ అడగాల్సిందే. మీరు అద్దె ఇంట్లో ఉంటే ముందు ల్యాండ్‌లార్డ్‌ని అడగండి.

ఇక డ్రిల్లు. నా సలహా, స్తంభం మీదే అయినా బెజ్జం పెట్టొద్దు. ప్యానెళ్లు దిగడానికి రెండు పక్కలా గాడి ఉండే స్తంభం సుమారు నాలుగు అంగుళాల వెడల్పు ఉంటుంది. గాడులు పోగా మధ్యలో మిగిలే కాంక్రీటు సన్నం. లోపల ఇనుప చువ్వలుంటాయి. అంచు దగ్గర బెజ్జం పెడితే పెచ్చు లేస్తుంది. లేవకపోయినా ఆ దారిన వాన నీరు చువ్వదాకా వెళ్తుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి కాంక్రీటుని లోపలి నుంచి పగలగొడుతుంది. పాత ఫెన్స్‌ల దగ్గర గమనించండి: ముందు స్తంభం పొడవునా వెంట్రుకంత చీలిక, దాంట్లోంచి కిందికి జారిన గోధుమరంగు చార, కొన్నాళ్లకి ముక్క ఊడి బయటపడ్డ చువ్వ. అలాంటి స్తంభం మార్చాలంటే రెండు పక్కలా ప్యానెళ్లు పైకి లాగి, భూమిలో పోసిన కాంక్రీటు దిమ్మ తవ్వి తీయాలి.

దానికి బదులు స్తంభం చుట్టూ వేసి బోల్టుతో బిగించే గాల్వనైజ్డ్ క్లాంపులు దొరుకుతాయి. రీపరుని వాటికి స్క్రూ చేసుకోవచ్చు. పట్టీ తిప్పడానికి ఒక్కోసారి ప్యానెల్ కాస్త లేపాలి, ఆ పట్టీ అటువైపు కనిపిస్తుంది కూడా. ఈ సంగతి వాళ్లకి ముందే చెప్పండి. తప్పనిసరై డ్రిల్ చేస్తే ముఖం సరిగ్గా మధ్యలో, కాంక్రీటుకి వాడే సన్నటి మేసనరీ బిట్‌తో, డ్రిల్లులో హ్యామర్ మోడ్ ఆపేసి మొదలుపెట్టండి. ఇనుము తగిలితే అక్కడితో ఆపండి. ప్లాస్టిక్ ప్లగ్గు చాలు. బిగించేకొద్దీ విచ్చుకునే యాంకర్ బోల్టులు మాత్రం వాడొద్దు, స్తంభాన్ని చీల్చేస్తాయి.

బీరపాదు కోసమే అయితే నేను ఇవేవీ చేయను. ఫెన్స్‌కి అడుగు దూరంలో, మన నేలలోనే ట్రీటెడ్ చెక్క పోస్టులు రెండడుగుల లోతున పాతి, వాటికే రీపర్లు కొడతాను. ఆకులు కమ్ముకున్న పాదు గాలిని గట్టిగా పట్టేస్తుంది, ఆ బరువు పక్కవాళ్ల స్తంభాల మీద పడదు. ఆ అడుగు సందులోకి చేయి పెట్టి కాయలు కోసుకోవచ్చు. కోసిన రీపరు కొసలకి ప్రిజర్వేటివ్ పూయండి, కింది కొస మట్టికి తగలనివ్వకండి. ఇక్కడి తడికి ముందు కుళ్లేవి ఆ కొసలే. ఫెన్స్ పైన ట్రెల్లిస్ (తీగలు పాకే చెక్క జాలీ) కూడా పెట్టాలనుకుంటే మొత్తం ఎత్తు 2 మీటర్లు దాటనివ్వకండి, దాటితే ప్లానింగ్ పర్మిషన్ (స్థానిక కౌన్సిల్ అనుమతి) కావాలి. వాహనాలు తిరిగే రోడ్డు పక్కనైతే ఆ ఎత్తు పరిమితి 1 మీటరే.

నారు మే నెలాఖరుకి, మంచు భయం పోయాక బయట పెట్టండి. తీగ అటువైపు వాలితే సరిహద్దు గీత దాకా కత్తిరించే హక్కు వాళ్లకుంది, కాబట్టి వారానికోసారి కొసల్ని మీ వైపు తిప్పి కట్టుకోండి.