శక్తిమాన్ సంగతి సరే, అక్క సంగతేంటి?

ప్రశ్న: నాకు 39 ఏళ్లు, హైదరాబాదులో ఉద్యోగం. ఈమధ్య రాత్రుళ్లు నిద్ర పట్టక పాత దూరదర్శన్ సీరియళ్లు వెతుక్కుని చూస్తున్నాను. మోగ్లీ, శక్తిమాన్, మాల్గుడి డేస్‌లో స్వామి కనిపిస్తే చాలు, కళ్లలో నీళ్లు తిరుగుతాయి. ఏడేళ్ల మా అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుంటే పది నిమిషాలకే బోర్ అని లేచిపోతాడు. మా ఆవిడ ‘మళ్లీ నిక్కరు తొడుక్కోండి’ అని నవ్వుతుంది. పిన్ని పిల్లలు, పెదనాన్న పిల్లలతో, శక్తిమాన్ మారువేషం పేరు మీద ‘గంగాధర్ బ్యాచ్’ అని వాట్సాప్ గ్రూప్ పెట్టాను. అందరూ సరదాగా ఉన్నారు గానీ మా అక్క మాత్రం వెంటనే వెళ్లిపోయింది. నాన్న పోయాక తెనాలి ఇంటి కాగితాల మీద సంతకం పెట్టించుకున్నప్పటి నుంచీ కొంచెం దూరంగానే ఉంటోంది లెండి. అమ్మ చెప్పిందనే అలా చేశాం. చిన్నప్పుడు హిందీ రాని నాకు ఆదివారం పొద్దున మోగ్లీ కథంతా తెలుగులో చెప్పింది అక్కే. ఇలా చిన్ననాటి వాటి మీద బెంగ పెట్టుకోవడం మానసిక సమస్యా? మా అబ్బాయికి ఇవి నచ్చేలా చేయడం ఎలా?

జవాబు: మీరు అడిగిన రెండు ప్రశ్నలకూ ముందే జవాబు చెప్పేస్తాను. సమస్య కాదు. 2020 లాక్‌డౌన్‌లో దూరదర్శన్ శక్తిమాన్‌ని మళ్లీ వేస్తే మీ వయసు వాళ్లు ఎంతమంది టీవీల ముందు చేరారో మీకూ తెలుసు. ఇక మీ అబ్బాయిని వదిలేయండి. వేలు పైకెత్తి గిరగిరా తిరుగుతూ ఎగిరే శక్తిమాన్ వేషగాడు ముకేశ్ ఖన్నాని చూసి ఇప్పటి పిల్లాడు నవ్వకుండా ఎలా ఉంటాడు? వాడికి వాడి బొమ్మలు వాడికున్నాయి. మన హైదరాబాదులోనే తయారైన ఛోటా భీమ్ కోసం ఇంకో ముప్పై ఏళ్లకు వాడూ బెంగపడతాడు. అది వాడి వంతు. మీ ఆవిడ వేళాకోళం చేస్తే చేయనివ్వండి, ఆవిడ అన్నదాంట్లో తప్పేం లేదు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఉత్తరం నిండా మోగ్లీ, శక్తిమానే. ‘సంతకం పెట్టించుకున్నప్పటి నుంచీ కొంచెం దూరంగానే ఉంటోంది లెండి’ అనేది ఒక్క వాక్యం. ఆ ‘లెండి’ చదవగానే నాకు ఒళ్లు మండింది, దాచుకోను.

తొంభైల్లో మన ఇళ్లలో జరిగింది ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ఆదివారం పొద్దున జంగిల్ బుక్, 1997 నుంచి శక్తిమాన్, అన్నీ హిందీలోనే. తెలుగు మీడియం పిల్లలకు హిందీ మొదలయ్యేదే ఆరో తరగతిలో. షేర్ ఖాన్‌కి నానా పాటేకర్ గొంతు అరువిచ్చాడని పెద్దయ్యాక తెలుసుకుని మురిసిపోయాం గానీ, అప్పుడు ఆ పులి ఏమంటోందో మనకి అర్థమై చచ్చిందా! ఇంట్లో కాస్త పెద్ద పిల్ల, అప్పుడప్పుడే వాచకం తెరిచిన పిల్ల, తనకు సగం అర్థమై సగం కాకపోయినా, మిగతాది సొంతంగా కల్పించి తమ్ముడికి చెప్పేది. గంగాధర్ కళ్లజోడు తీసి తిరగగానే శక్తిమాన్ ఎలా అయ్యాడో, విలన్ కిల్విష్ ‘అంధేరా కాయమ్ రహే’ అంటే ఏమన్నట్టో, నల్ల చిరుత బఘీరా మోగ్లీని ఎందుకు కోప్పడిందో, అంతా ఆ పిల్ల చెప్పిన కథే. మీరు ఇప్పుడు ఫోన్లో వెతుక్కుంటున్న మోగ్లీ ఆ వీడియోలో లేడు, ఉన్నది మీ అక్క దగ్గర. అందుకే ఎన్ని చూసినా మీకు నిద్ర పట్టడం లేదు.

ఆ అక్క చేతే కాగితం మీద వేలిముద్రో సంతకమో పెట్టించుకుని, ఆ తర్వాత శక్తిమాన్ వీడియోలు పంపితే ఆవిడ గ్రూపులో ఉండి చప్పట్లు కొట్టాలా? నేనైతే ఆ కాసేపు కూడా ఉండేదాన్ని కాదు.

‘అమ్మ చెప్పింది’ అంటున్నారు. నలభై ఏళ్లకు దగ్గరపడిన మనిషి అమ్మ కొంగు చాటున నిలబడి వాటా తీసుకోవడం నాకు నచ్చదు. పెళ్లికి కట్నం ఇచ్చేశాం కదా అని కూడా మీ ఇంట్లో అనుకునే ఉంటారు, అన్ని ఇళ్లలోనూ అనుకునేదే. ఆ కట్నం అక్క చేతికి వెళ్లిందా, అత్తమామల చేతికి వెళ్లిందా? 1961 నుంచి కట్నం ఇవ్వడమే నేరం, దాన్ని వాటా లెక్కలో వేయడమేంటి? ఇల్లు మీ నాన్నగారు సొంతంగా సంపాదించి కట్టిందై, వీలునామా లేకపోతే, మీ అమ్మగారికి, మీకు, అక్కకు సమానంగా రావాలి. 1956 హిందూ వారసత్వ చట్టం నుంచే అలా ఉంది, ఇదేదో ఈ కాలపు ఆడవాళ్లు తెచ్చిన గొడవ కాదు. అక్క పోట్లాడకుండా సంతకం చేసిందంటే ఒప్పుకుందని కాదు, పుట్టింటి గడప తొక్కే దారి మూసుకోవడం ఇష్టం లేక చేసింది. ఆ దారిని మీరే మూసేశారు.

శక్తిమాన్ చివర్లో తప్పు చేసిన పిల్లలు నిజం ఒప్పుకుని ‘సారీ శక్తిమాన్’ అనేవారు, అది మీకు గుర్తుండే ఉంటుంది. ఇప్పుడు మీ వంతు. కాకపోతే వాట్సాప్‌లో టైప్ చేసే సారీ కాదు. రాఖీ వంకతో చీర పట్టుకుని వెళ్లడం అసలే వద్దు, అది చూస్తే ఆవిడకు ఇంకా మండుతుంది. మామూలు రోజున, బావగారు ఇంట్లో ఉన్నప్పుడు వెళ్లండి. భార్యను, అబ్బాయిని వెంటబెట్టుకోకండి, వాళ్ల ముందు అక్క మొహమాటపడుతుంది. కూర్చోగానే చిన్నప్పటి కబుర్లు ఎత్తకండి. ‘తప్పు చేశాను, నీ వాటా నీకు ఇచ్చేస్తాను’ అని అనండి. బావగారు నాలుగు మాటలంటే పడండి.

నోటిమాటతో ఊరుకోకండి. రిజిస్టరైన కాగితం క్షమాపణతో రద్దు కాదు. ఆవిడ భాగాన్ని తిరిగి ఆవిడ పేరున రాసి రిజిస్టర్ చేయించడమో, ఈనాటి ధర కట్టి డబ్బు ఇవ్వడమో తెనాలిలోనే ఒక లాయరును అడిగి, దారి తెలుసుకున్నాకే అక్క ఇంటికి బయల్దేరండి. ఆవిడ ‘నాకేమీ వద్దు’ అంటుంది చూడండి, దాన్ని నిజమనుకుని ఊపిరి పీల్చుకుని వచ్చేయకండి. ఇచ్చేయాల్సిందే. ఇచ్చాక కూడా ఆవిడ వెంటనే మెత్తబడకపోవచ్చు, ఏడాది పట్టినా పట్టవచ్చు, గ్రూపులోకి మళ్లీ రమ్మని మాత్రం అడగకండి.

ఈ సంగతి అమ్మగారికి ముందుగా చెప్పకండి. చెబితే మీరు బయల్దేరరు.